వరదలో పోయిన కాటికాపరి: ఒక కేసు పూర్తి వివరాలు

ముందు కేసు ఏంటో చెప్పేస్తాను. 2022 జూలై మధ్యలో గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి పారుతున్న రోజుల్లో, వశిష్ఠ పాయ మధ్యలో ఉన్న ఒక లంక గ్రామంలో డెబ్బై దాటిన కాటికాపరి ఒకాయన తెల్లవారుజామున గుండెపోటుతో చనిపోయాడు. ఊరి శ్మశానం నీళ్ళలో ఉంది, కాజ్‌వే నీళ్ళలో ఉంది, కరెంటు లేదు, చిన్నకొడుకు హైదరాబాదులో ఉన్నాడు, వాడు వచ్చేదాకా ఉంచాలని ఆయన భార్య, నేను పిన్ని అని పిలిచే ఆవిడ, పట్టుదల. మాకు అమలాపురం చుట్టుపక్కల ఫ్రీజర్ బాక్సులు, ఒక బండి, కట్టెల సరఫరా ఉన్నాయి, చాలా ఏళ్ళుగా ఇదే పని.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి ఒక కారణం మా లైన్‌లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు. వరదొస్తే ఏం చెయ్యాలండీ అని అడుగుతూనే ఉంటారు. ఇంకో కారణం పోయినాయన. మా పని చేసేవాళ్ళ తరఫున ఈ డెల్టాలో ఆయన వాదించినంతగా వాదించినవాణ్ణి నేను చూడలేదు. రాయమని ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు గానీ పేరూ ఊరూ వద్దన్నారు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి, ఇక్కడా అదే రాస్తాను.

బాబాయ్ ఎవరు

తండ్రి కూడా కాటికాపరే. ఆ రోజుల్లో కూలి అంటూ ఉండేది కాదు, కోతలయ్యాక కళ్ళం దగ్గర ఇంత ధాన్యం మేర కింద కొలిచేవాళ్ళు, ఎవరైనా పోతే శవం మీద కప్పిన గుడ్డ, దారిలో చల్లిన చిల్లర, ఒక మందు సీసా. ఆ సీసా గురించి బాబాయ్ ఎప్పుడూ కోపంగానే మాట్లాడేవాడు. "ధాన్యం కొలతలో మోసం చేస్తే అడగొచ్చు అబ్బాయ్, సీసా ఇచ్చి సరిపెట్టేస్తే అడగడానికి మనిషే మిగలడు" అనేవాడు. తండ్రి ఎలా పోయాడో ఎప్పుడూ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

1986 ఆగస్టు వరద మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ కొలమానంగా చెప్పుకునే వరద. అప్పుడు భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022లో 71.3. ఆ 86 వరదలో వీళ్ళ లంక ఒక పక్క కోతకు గురై పాత సమాధుల నేల సగం ఏట్లో కలిసిపోయింది. వీళ్ళ కులంలో పూడ్చడమే ఆనవాయితీ. నీళ్ళు తగ్గాక ఒడ్డున ఎముకలు తేలి కనిపిస్తే వాటిని ఏరి గోనెసంచిలో పోసి మళ్ళీ పూడ్చింది బాబాయే. మండలాలు అప్పటికి కొత్తగా వచ్చాయి, ఎమ్మార్వో ఆఫీసు ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియని రోజుల్లో అర్జీ పట్టుకుని వెళ్ళాడు. శ్మశానానికి వేరే స్థలం, దానికి దారి. స్థలం కొన్నేళ్ళకి వచ్చింది. దారి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది, ఎందుకంటే ఆ దారి ఇద్దరు రైతుల కొబ్బరితోటల మధ్య నుంచి వెళ్ళాలి. సోమవారం గ్రీవెన్స్‌లో బాబాయ్ ముఖం తెలియని అధికారి ఉండేవాడు కాదు. ఎవరైనా విసుక్కుంటే "అయ్యా, ఈ దారిలో నేను ఒకసారే వెళ్తాను, మోసుకెళ్ళేది మాత్రం మీ అందరినీ" అని నవ్వేసేవాడట. ఆ మాట నేను ఆయన నోట వినలేదు, ఊళ్ళోవాళ్ళు చెప్పారు, కొంచెం పెంచి ఉండొచ్చు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది రేటు బోర్డు. రేకు మీద పెయింటుతో రాయించి శ్మశానం మొదట్లో పాతాడు. చితి పేర్చడానికి ఇంత, గుంత తియ్యడానికి ఇంత, చీకటి పడ్డాక అయితే ఇంత ఎక్కువ, పసిపిల్లలకైతే ఏమీ లేదు, మందు ఇవ్వరాదు. ఊళ్ళో గొడవైపోయింది. చావుకి రేటు కడతావా అని పెద్దలు పంచాయితీ పెట్టారు. అక్కడ ఆయన అన్న మాట మాత్రం నేను స్వయంగా విన్నాను, మా నాన్నతో వెళ్ళినప్పుడు: "హరిశ్చంద్రుడు కాటి సుంకం పెళ్ళాం దగ్గరే అడిగాడండి. ఆయన్ని సత్యవంతుడంటారు, నన్ను మాత్రం ఆశపోతు అంటారా?"

దీని మీద నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. ఇంట్లో శవం ఉన్నప్పుడు బేరమాడే స్థితిలో ఎవరూ ఉండరు, అటువైపు ఇంటివాళ్ళు ఎంతైనా ఇచ్చేస్తారు, ఇటువైపు పనివాడు ఏదిస్తే అది పుచ్చుకుంటాడు, మధ్యలో నాలాంటి సర్వీసువాడో ఆస్పత్రి గేటు దగ్గర బండివాడో ఇష్టమొచ్చినంత లాగుతాడు. "ఎంతో కొంత ఇవ్వండి" అన్న మాటే ఈ లైన్‌లో జరిగే అన్యాయాలన్నిటికీ మూలం. అమెరికాలో 1984 నుంచి అంత్యక్రియల సంస్థలు ప్రతి పనికీ విడివిడిగా రేటు రాసిన కాగితం ఇవ్వాలని, ఫోన్‌లో అడిగినా చెప్పాలని రూలుంది. ఆ సంగతి నేను చెప్తే బాబాయ్ "ఆయ్, మరి వాళ్ళకీ చావులున్నాయిగా" అన్నాడు, అంతే. ఆ రూలు రావడానికి ముందు అక్కడ ఎంత యుద్ధం జరిగిందో చెప్పబోతే వినలేదు, బీడీ ముట్టించుకుని వెళ్ళిపోయాడు.

జీఎస్టీ వచ్చినప్పుడు ఇంకో ముచ్చట. 2017 చట్టంలో మూడో షెడ్యూల్ అని ఉంది, అందులో అంత్యక్రియలు, ఖననం, దహనవాటిక, మార్చురీ, శవాన్ని తరలించడం ఇవన్నీ అసలు సప్లై కిందికే రావని రాశారు, అంటే పన్ను లేదు. మా ఆడిటర్ చెప్పిందే ఆయనకి చెప్పాను. "పన్ను వద్దన్నారు, సంతోషం. ఇది పనే కాదని అనలేదు కదా?" అని అడిగాడు. ఆయన బుర్ర ఎప్పుడూ అటే తిరిగేది.

2021 మే నెల, ఆ కరోనా రోజుల గురించి ఎక్కువ రాయను, చూసినవాళ్ళకి తెలుసు. సంచుల్లో వచ్చిన శవాలు, బండి దిగని బంధువులు. క్రిములు చంపే హైపోక్లోరైట్ మందు ఒక శాతం ఎలా కలపాలో, బూడిద వల్ల ప్రమాదం లేదని కేంద్ర ఆరోగ్యశాఖ సూచనల్లోనే ఉందని, ఆ కాగితాలు ఆయనకి చదువొచ్చిన మనవరాలు చదివి పెట్టేది. చేతికి గ్లౌజులు, ముఖానికి షీల్డు ఇస్తేనే చితి దగ్గరికి వస్తామని వశిష్ఠకి రెండు వైపులా ఉన్న కాటికాపరుల చేత అనిపించాడు. ఆ నెలలోనే జాతీయ మానవ హక్కుల కమిషన్ మృతుల గౌరవం మీద సూచనలిస్తూ దహనవాటిక పనివాళ్ళకి రక్షణ సామగ్రి, సరైన కూలి, టీకాలో ముందు వరస ఇవ్వమని కూడా చెప్పింది. దాన్ని జిరాక్స్ తీయించి ఒక్కో పంచాయతీలో ఒక్కోటి ఇచ్చి వచ్చాడు. తర్వాత ఆగస్టులో ఈ-శ్రమ్ కార్డులు, అంటే అసంఘటిత కార్మికుల నమోదు, మొదలైతే డప్పు కొట్టేవాళ్ళని, బండి డ్రైవర్లని, గుంత తీసేవాళ్ళని అందరినీ వెంటేసుకుని నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు. సంఘం పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఒక నోటు పుస్తకం ఉండేది.

మొదటి గంటలు

పెద్దకొడుకు ఫోన్ చేసినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, ఒళ్ళు సర్దారా అని. కళ్ళు మూయడం, దవడకి గుడ్డ కట్టడం, కాళ్ళు చేతులు చాపి బొటనవేళ్ళు కలిపి కట్టడం, ఇవన్నీ రెండు మూడు గంటల్లోపే అయిపోవాలి, ఆ తర్వాత కండరాలు బిగుసుకోవడం మొదలైతే చెయ్యి కూడా లొంగదు, బలవంతం చెయ్యాల్సి వస్తుంది. మన ఆచారాల్లో ఉన్న ఈ కట్లన్నీ పనితనమే. పిన్ని అప్పటికే అన్నీ చేసేసి ఉంది. కాటికాపరి పెళ్ళాం, చెప్పేదేముంది.

ఇక డాక్టరు. ఇంట్లో పోయినప్పుడు మరణం సహజమేనని, కారణం ఫలానా అని క్వాలిఫైడ్ డాక్టరు చేత రాయించుకోవడం మంచిది, ఊళ్ళో ఆర్‌ఎంపీ రాస్తే చెల్లదు. పీహెచ్‌సీ డాక్టరు వరద క్యాంపు పడవలో ఆ పక్క లంకల్లోనే తిరుగుతున్నాడు, ఏఎన్‌ఎం ద్వారా కబురు పెడితే పదింటికల్లా వచ్చాడు. గుండె మందుల చీటీలు పాతవి ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి, ఎందుకంటే ప్రతి వరదలో ఇది వస్తుంది. ఊళ్ళో ఒక పెద్దమనిషి పెద్దకొడుకుని పక్కకి పిలిచి, కాలు జారి నీళ్ళలో పడ్డాడని రాయించు, నాలుగు లక్షలు వస్తాయి అన్నాడు. విపత్తు సహాయ నిధి నుంచి వరద మృతులకి ఇచ్చే పరిహారం నిజంగానే నాలుగు లక్షలు. కానీ దానికి పోలీసు శవ పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి, ఆ నీళ్ళలో శవాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకురావాలి, పైగా పోస్టుమార్టంలో నీళ్ళు మింగిన గుర్తులు లేకపోతే ఇంటిల్లిపాదీ కేసులో ఇరుక్కుంటారు. నేను ఈ లెక్కంతా చెప్పబోయేలోపు పిన్నే "ఆయన్ని కోయించి డబ్బు తెస్తావా" అని కొడుకుని అడిగింది. వాడు తల దించుకున్నాడు. అలాంటప్పుడు ఎవరికైనా ఆశ పుడుతుంది, ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను.

ఐసు

ఫ్రీజర్ బాక్సు లంకకి చేర్చడం కుదరలేదు. బాక్సు, దానికో జనరేటరు, డీజిలు, ఇవన్నీ ఎక్కించుకునే పెద్ద పడవలన్నీ మనుషుల్ని, పశువుల్ని దాటించడంలో ఉన్నాయి, శవం కోసం బతికున్నవాళ్ళ పడవ అడగడం పద్ధతి కాదు. ఎంబామింగ్, అంటే శవం పాడవకుండా మందు ఎక్కించడం, చేయించాలంటే కాకినాడ మెడికల్ కాలేజీ దాకా పోవాలి, ఒక్కరోజు ఆపడానికి అంత అవసరం లేదు.

మన డెల్టాలో ఉన్న అదృష్టం ఏమిటంటే రొయ్యల పుణ్యమా అని ఐస్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. దిమ్మలు తెచ్చి, మిల్లు నుంచి ఊక బస్తాలు తెచ్చి, చిన్న ఇంజను పడవలో పంపాం. చేసే విధానం ఇది: పల్లంగా వాలుండేలా మంచం తల వైపు రెండు ఇటుకల ఎత్తు పెట్టాలి, నీళ్ళు కాళ్ళ వైపు దిగిపోవాలి. ఐసు ఒంటికి నేరుగా తగలకూడదు, చర్మం తెల్లబడి ఊడిపోతుంది. ముక్కలు కొట్టి మందపాటి పాలిథీన్ సంచుల్లో వేసి మూతి కట్టి ముందు పొట్ట మీద, పొట్ట పక్కల పెట్టాలి, ఎందుకంటే కుళ్ళడం పొట్ట కింది భాగంలో కుడివైపు మొదలవుతుంది, అక్కడే ముందు ఆకుపచ్చ మచ్చ కనిపిస్తుంది. తర్వాత చంకలు, గజ్జలు, మెడ. పైన దుప్పటి, దాని చుట్టూ ఊక బస్తాలు. చాలామంది ముఖం బాగుండాలని ముఖం చుట్టూ ఐసు పేర్చి పొట్టని వదిలేస్తారు, సాయంత్రానికి వాసన మొదలయ్యాక ఫోన్ చేస్తారు. సంచులు కరిగేకొద్దీ మార్చడానికి ఒక మనిషి రాత్రంతా మేలుకుని ఉండాలి, ఆ కూలి కూడా బిల్లులో వెయ్యాలి. ఇక్కడ ఆ పని మనవరాలు చేసింది, కూలి పుచ్చుకోలేదు.

తెల్లారి చూస్తే పొట్ట మీద మచ్చ లేదు.

ఎక్కడ

ఇదే అసలు చిక్కు. పూడ్చడం కుదరదు, లంకలో జానెడు తవ్వితే నీళ్ళు, నీళ్ళు తగ్గేదాకా ఆపలేం. అదీకాక 86 తర్వాత బాబాయ్ తనని కాల్చమనే చెప్పి పెట్టాడు, "ఒండ్రులో పెడితే మళ్ళీ వరదకి బయటికొస్తాను, ఎవరు ఏరతారు" అని. ఆనవాయితీ తప్పడం గురించి చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు గొణిగారు గానీ నిలబడలేదు.

ఏటిగట్టు మీద చేసేద్దాం అన్నారు ఊళ్ళో కుర్రాళ్ళు. గట్టు కాపలా చూసే లస్కరు ఒప్పుకోలేదు, ఆయన మాటే కరెక్టు. మూడో హెచ్చరికలో గట్టు రాత్రింబవళ్ళు కాపలాలో ఉంటుంది, ఇసుక బస్తాలు పేరుస్తుంటారు, అంత నానిన కట్ట మీద వందల మంది నిలబడితే, పైన నాలుగైదు గంటలు మంట పెడితే ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? గట్టు తెగితే వెనక ఊళ్ళకి ఊళ్ళు. ఇరిగేషన్ ఏఈకి ఫోన్ చేసి బతిమాలదామన్నారు, నేను ఆ నంబరు ఇవ్వలేదు.

రాజమండ్రి తీసుకెళ్ళి గ్యాస్ మీద చేయించొచ్చు. హైవే బాగానే ఉంది, గంట, గంటన్నరలో అయిపోతుంది, కట్టెల బాధ లేదు. కానీ ఊరు ఊరంతా అటు రాలేదు, పిన్నికి ఊరు ఉండాలి. కాబట్టి గట్టు అవతల మెరకలో ఉన్న ఒక ఊరి శ్మశానం అడిగాం.

అక్కడ మాట వచ్చింది. ఆ శ్మశానం ఫలానా కులం వాళ్ళదని రాసి ఉండదు, కానీ అందరికీ తెలుసు. సర్పంచి మంచివాడే, నసిగాడు. "మా వాళ్ళని అడగాలండి" అన్నాడు. కరోనాలో వాళ్ళ ఊరి శవాల్ని వాళ్ళ చుట్టాలే ముట్టనప్పుడు బాబాయ్ పడవ దాటి వచ్చి కాల్చాడు, ఆ సంగతి ఆ సర్పంచికి తెలుసు, నాకూ తెలుసు, కానీ నేను ఎత్తలేదు. ఎందుకంటే అప్పుడు అది ఉపకారానికి బదులు ఉపకారం అయిపోతుంది, రేపు ఇంకో లంక మనిషి పోతే అతనికి చెప్పుకోవడానికి ఏ ఉపకారమూ ఉండదు. పంచాయతీ స్థలం, పక్క ఊరు వరదలో ఉంది, నిర్వహణ రుసుము ఎంతో చెప్పండి, కట్టి రసీదు తీసుకుంటాం అన్నాను. వీఆర్వోని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రసీదు అనేసరికి వ్యవహారం కులం దగ్గర్నుంచి కాగితం దగ్గరికి వచ్చింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, మిగతావాళ్ళు సరే అన్నారు. మా లైన్‌లో ఉన్నవాళ్ళకి ఈ కేసులో పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అది ఇదేనని నా నమ్మకం, ఐసు సంగతి ఎవరైనా నేర్పుతారు.

దాటించడం, దహనం

శవాన్ని పాడెతో పడవ ఎక్కించకూడదు. వెదురు పాడె ఊగుతుంది, మోసేవాళ్ళు ఒక పక్కకి ఒరిగితే పడవ ఒరుగుతుంది. నులకమంచానికి శవాన్ని మూడు చోట్ల కట్టి, మంచాన్ని పడవ మధ్యలో అడ్డంగా కాకుండా పొడవుగా పెట్టి, పడవలో దాన్ని నడిపే సరంగుతో కలిపి ఆరుగురే, అందరికీ లైఫ్ జాకెట్లు. డప్పులు వెనక పడవలో. పొద్దున్నే గాలి లేవకముందు దాటేశాం. చిన్నకొడుకు రాత్రి బస్సులో రావులపాలెం దిగి గట్టు అవతలే ఎదురొచ్చాడు. పాడె అక్కడ కట్టాం.

కట్టెలు సరుగుడు. తీరం వెంబడి తోటలున్న మనకి ఇది తేలిక, పైగా సరుగుడు కాస్త పచ్చిగా ఉన్నా అంటుకుంటుంది, వేడి ఎక్కువ. షెడ్డు కింద ఉన్న ఎండువి అడుగున, కొంచెం తేమవి పైన. మూడు వందల యాభై కిలోల దాకా పట్టాయి, ఇనుప స్టాండు వేశాం కాబట్టి, నేల మీదైతే ఇంకా పట్టేవి, తడి నేల వేడిని లాగేస్తుంది, కింద గాలి ఆడదు. సందుల్లో కొబ్బరిచిప్పలు. టైర్లు వెయ్యలేదు. టైరు పొగ పీల్చేది చుట్టాలు కాదు, చివరిదాకా ఉండే కాటికాపరి, అందుకే బాబాయ్ వాటిని తన శ్మశానంలో ఎప్పుడో మాన్పించాడు. చితి పేర్చింది ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. తలకొరివి పెద్దకొడుకు పెట్టాడు. మధ్యలో జల్లు పడింది, అయినా ఐదు గంటల లోపే అయింది.

అస్థికల విషయంలో ఒక్కటే చెప్పాను, రేవులోకి ఇప్పుడు దిగొద్దని. మొదటి హెచ్చరిక కిందికి నీళ్ళు దిగేదాకా కుండ ఇంట్లో పెట్టలేమంటే మా షెడ్డులో ఉంచాం. వరద రేవులో కాలు జారి ఇంకో చావు కావడం మా వైపు కొత్తేమీ కాదు.

బిల్లు

నేను తీసుకోకూడదనే అనుకున్నాను, మా ఇంట్లో కూడా అదే అన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. ఐసు, ఊక, పడవ డీజిలు, సరంగు కూలి, కట్టెలు, చితి పేర్చిన కుర్రాడికి, డప్పులకి, పంచాయతీ రుసుము, మా బండి, విడివిడిగా రాసి ఇమ్మంది. రాసిచ్చాను. కుర్రాడు గురువుగారి దగ్గర డబ్బులేంటని చేతులు వెనక్కి పెట్టుకుంటే "బోర్డు మీద ఎంతుంది?" అని అడిగింది. వాడు చెప్పాడు. లెక్కపెట్టి ఇచ్చింది. కాటికాపరి ఇంటి దగ్గర కూడా డబ్బులు లాగారని నా గురించి తర్వాత ఒకరిద్దరు అన్నారు. అననీ.

మరణం నమోదుకి 21 రోజుల్లోపు అయితే రుసుమేమీ ఉండదు. 30 రోజులు దాటితే పైఅధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ దాకా వెళ్ళాలి. సచివాలయంలోకి నీళ్ళొచ్చి సిస్టమ్ పనిచెయ్యకపోయినా డాక్టరు కాగితంతో దరఖాస్తు ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోమన్నాను, గడువు లోపలే అయిపోయింది.

మిగిలింది శ్మశానం. లంకలో మెరక చేసి ఎత్తైన దిమ్మె కట్టాలని పెద్దకొడుకు అర్జీ పెట్టాడు. అర్జీ పెట్టిన నాటికి ఉపాధి హామీలో గ్రామ స్థాయి దహనవాటిక కట్టుకునే వీలుంది కాబట్టి దారి దొరికింది. ఇప్పుడు పేచీ అంతా ఎత్తు దగ్గర. ఇంజనీరు 2022 నీటి గుర్తుకి రెండడుగులు పైన చాలంటున్నాడు, కొడుకు 86 గుర్తు అడుగుతున్నాడు. ఊళ్ళో రామకోవెల గోడ మీద 86 గుర్తు ఇంకా ఉంది. టేపు పట్టుకుని ఇద్దరూ అక్కడికి వెళ్ళి కొలిచారు, ఎస్టిమేటు మళ్ళీ వేస్తున్నారు.